బాబు గొంతు కల్చర్ రిపోర్టులో ఎరిత్రోమైసిన్‌కి ‘ఆర్’ అని వచ్చింది, ఇక అజిత్రోమైసిన్ పని చేయదా?

కావలి_అమ్మ

అందరికీ నమస్కారం. మాది కావలి. మా బాబుకి ఏడేళ్ళు. చలికాలం మొదలైనప్పటి నుంచి గొంతు నొప్పి, జొరం వస్తా పోతా ఉన్నాయి. ఎప్పుడో ఒక డాక్టర్ రాసిన చీటీ చూసి మా వీధి మందుల షాపులో ప్రతిసారీ అజిత్రోమైసిన్ సిరప్ ఇచ్చేవాళ్ళు, మూడు రోజులు పోస్తే జొరం తగ్గేది. ఈసారి సీసా అయిపోయినా జొరం దిగలేదు. మింగలేక అన్నం ముట్టుకోవడం లేదు, దవడ కింద బిళ్ళలు కట్టాయి, చెయ్యి పెడితే ఏడుస్తున్నాడు. దగ్గు, జలుబు మాత్రం లేవు.

నెల్లూరు తీసుకెళ్ళాం. అక్కడ ఈఎన్‌టీ డాక్టర్ గొంతులోంచి దూదిపుల్లతో శాంపిల్ తీసి కల్చర్‌కి, అంటే అందులోని బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్షకి పంపించి, రిపోర్టు వచ్చేలోపే అమోక్సిసిలిన్ మొదలుపెట్టారు. ఇప్పుడు రిపోర్టు చేతికొచ్చింది. స్ట్రెప్టోకాకస్ పయోజెనస్ అని రాసుంది. కింద వరసగా పెనిసిలిన్ ఎస్, ఆంపిసిలిన్ ఎస్, ఎరిత్రోమైసిన్ ఆర్, క్లిండామైసిన్ ఆర్, దాని పక్కన డి టెస్ట్ పాజిటివ్ అని ఉంది. అజిత్రోమైసిన్ పేరే లేదు. డాక్టర్ దగ్గర జనం ఎక్కువగా ఉండి అన్నీ అడగలేకపోయాను.

నా టెన్షన్ ఏందంటే, మా వాడి ఒంటికి యాంటీబయాటిక్ అలవాటైపోయిందా? ఇంత చిన్న వయసులోనే మందులు పని చేయకపోతే ముందు ముందు ఎట్లా? అమోక్సిసిలిన్ పాత మందు, చవక మందు, దాంతో ఏం తగ్గుతుంది, సూదులు వేయించండి అని మా అత్తగారి తరఫు వాళ్ళు ఒకటే పోరు. పది రోజులు వాడమన్నారు కానీ రెండో రోజుకే జొరం పోయింది, మిగతావి వేయాలా వద్దా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఒంగోలు_బైపాస్

అక్కా, మా పాపకి కూడా ఇట్టాగే అయితే సెఫిక్సిమ్ వాడాం, బాగా పని చేసింది. అజిత్రో కంటే పవర్ ఎక్కువ అన్నారు. మీ డాక్టర్ని అడిగి అది మార్పించుకోండి, ఊరికే టైం వేస్ట్ చేయొద్దు.

నెల్లూరు_మైక్రోబయాలజీ

సెఫిక్సిమ్‌కి మార్పించాల్సిన పని లేదండీ. నేను ల్యాబ్‌లో ఈ రిపోర్టులే చూస్తుంటాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. రిపోర్టులో ఎస్ అంటే ఆ మందుకి బ్యాక్టీరియా లొంగుతుందని, ఆర్ అంటే లొంగదని.

ముందు మీ పెద్ద భయం గురించి. మందుకి లొంగనిది మీ బాబు ఒళ్ళు కాదు, ఈసారి వాడి గొంతులో చేరిన బ్యాక్టీరియా. ఈ తేడా తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఇదే బ్యాక్టీరియా ఎప్పుడూ ఏ మందూ వాడని పిల్లవాడికి అంటుకున్నా అజిత్రోమైసిన్ పని చేయదు. అలాగే మీ బాబుకి వచ్చే ఏడాది వేరే రకం అంటుకుంటే దానికి అజిత్రోమైసిన్ పని చేయొచ్చు. ఒంటికి అలవాటు పడటం అనేది ఇందులో లేదు.

రిపోర్టులో అజిత్రోమైసిన్ పేరు లేకపోవడం పొరపాటు కాదు. ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ మూడూ మాక్రోలైడ్ అనే ఒకే కుటుంబం. ఈ బ్యాక్టీరియా విషయంలో ఎరిత్రోమైసిన్ అద్దిన చిన్న కాగితం బిళ్ళ పెట్టి చూస్తే మిగతా రెండింటి సంగతీ తెలిసిపోతుంది. కాబట్టి దాని ఎదురుగా ఆర్ ఉంటే అజిత్రోమైసిన్‌కి కూడా ఆర్ అనే చదువుకోవాలి.

ఇక డి టెస్ట్. బ్యాక్టీరియా పరిచిన ప్లేటు మీద ఎరిత్రోమైసిన్ బిళ్ళ, క్లిండామైసిన్ బిళ్ళ పక్కపక్కన పెట్టి ఒక రాత్రి ఇంక్యుబేటర్‌లో ఉంచుతాం. క్లిండామైసిన్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని జాగా గుండ్రంగా ఉండాలి. ఎరిత్రోమైసిన్ వైపున అది నొక్కేసినట్టు చదునుగా వస్తే ఇంగ్లీషు అక్షరం ‘డి’ ఆకారం కనిపిస్తుంది. దీన్నిబట్టి ఆ బ్యాక్టీరియా దగ్గర సాధారణంగా ఈఆర్ఎం అనే జన్యువు ఉందని మాకు అర్థమవుతుంది. బ్యాక్టీరియా తనకు కావలసిన ప్రోటీన్లు తయారు చేసుకునే రైబోజోమ్ మీద అజిత్రోమైసిన్ పోయి కూర్చుంటుంది, తయారీ ఆగిపోతుంది. ఈఆర్ఎం జన్యువు ఉన్నవి సరిగ్గా మందు కూర్చునే చోట చిన్న మార్పు చేసుకుంటాయి, ఇక మందుకి అక్కడ పట్టు దొరకదు. క్లిండామైసిన్ కూర్చునేదీ దాదాపు ఆ చోటే కాబట్టి అదీ పోతుంది. అందుకే బిళ్ళ చుట్టూ కొంత జాగా కనిపించినా డి ఆకారం వస్తే మేము ఆర్ అనే రాస్తాం. ఇంకో రకం కూడా ఉంది, అవి లోపలికి వచ్చిన మందుని పంపు పెట్టి బయటికి తోడేస్తాయి, వాటికి క్లిండామైసిన్ పని చేస్తుంది. మీ బాబుది మొదటి రకం.

పెనిసిలిన్ దారి వేరు. అది బ్యాక్టీరియా గోడ కట్టుకోకుండా అడ్డుపడుతుంది. పెనిసిలిన్ 1940లలో వాడుకలోకి వచ్చింది, ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఈ స్ట్రెప్టోకాకస్ పయోజెనస్ దానికి లొంగుతూనే ఉంది. అమోక్సిసిలిన్ ఆ పెనిసిలిన్ కుటుంబంలోదే. పాతది, చవకది అయినా మీ బాబు గొంతులో ఉన్నదానికి ఇంతకంటే సరైన మందు లేదు. మీ అత్తగారి తరఫు వాళ్ళకి రిపోర్టులో ఆ ఎస్ చూపించండి.

ఇంకో విషయం, నాకు చాలా బాధ కలిగించేది. అజిత్రోమైసిన్ మూడు రోజులే వేసినా ఒంట్లోంచి వెంటనే పోదు. కణజాలంలో చేరి, సగానికి తగ్గడానికే మూడు రోజుల దాకా పడుతుంది. అంటే కోర్సు అయ్యాక చాలా రోజులపాటు గొంతులో చాలీచాలని మోతాదులో మందు ఉంటుంది. మన గొంతులో ఏ హానీ చేయని బ్యాక్టీరియా ఎప్పుడూ కోట్లలో ఉంటాయి, దెబ్బ వాటికి తగులుతుంది. పొలంలో ఏటా ఒకటే గడ్డి మందు కొడితే మామూలు గడ్డి చచ్చి ఆ మందుకి చావని ఊద మొత్తం కమ్ముకున్నట్టు, గొంతులో కూడా లొంగనివే మిగిలి పెరుగుతాయి. బెల్జియంలో ఆరోగ్యంగా ఉన్న మనుషులకి ఈ మందులిచ్చి చూసిన పరిశోధన 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఒక్క కోర్సు వాడిన ఆరు నెలల తర్వాత కూడా వాళ్ళ నోట్లో మాక్రోలైడ్‌కి లొంగని స్ట్రెప్టోకాకస్‌లు మందు వాడనివాళ్ళలో కంటే ఎక్కువగానే ఉన్నాయి. ఆ హానిలేని బ్యాక్టీరియా దగ్గరున్న జన్యువులు రోగం తెచ్చేవాటికి చేరతాయి. నిమోనియా, చెవి చీము తెచ్చే న్యూమోకాకస్ అయితే చచ్చిన బ్యాక్టీరియా డీఎన్ఏ ముక్కల్ని లోపలికి లాక్కుని తనదిగా చేసుకుంటుంది. ఒక న్యూమోకాకస్ లక్షణం ఇంకోదానికి ఇట్లా పోతుందని గ్రిఫిత్ అనే శాస్త్రవేత్త 1928లోనే ఎలుకల మీద చూపించాడు.

పిల్లల_డాక్టర్_ప్రకాశం

పైన ల్యాబ్ వారు చెప్పింది పూర్తిగా నిజం. డాక్టర్ వైపు నుంచి మిగిలింది నేను చెప్తాను. మోతాదులు మాత్రం ఇక్కడ రాయను, బిడ్డ బరువు చూసి రాసినదే వాడండి.

అమ్మా, పది రోజులూ వేయండి. జొరం రెండో రోజు పోయినా సరే. మిగతా చాలా ఇన్ఫెక్షన్లకి ఇప్పుడు తక్కువ రోజుల కోర్సులే సరిపోతున్నాయి, ఎక్కువ రోజులు వాడితే మంచిదన్న పాత అభిప్రాయం మారింది. ఈ స్ట్రెప్ (స్ట్రెప్టోకాకస్ పయోజెనస్) గొంతు విషయంలో మాత్రం కారణం వేరు. ఇది సరిగ్గా పోకపోతే కొందరు పిల్లల్లో కొన్ని వారాలకి రుమాటిక్ ఫీవర్ వస్తుంది, అది గుండె కవాటాల్ని దెబ్బ తీస్తుంది. మన దేశంలో ఇంకా ఉన్న జబ్బు ఇది. గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపు పెనిసిలిన్ జాతి మందు మొదలుపెట్టినా దాన్ని ఆపగలం, కాబట్టి మీకు ఆలస్యమేమీ కాలేదు.

ముందు మూడు రోజుల్లో తగ్గింది కదా అన్నారు. ఆ జొరాల్లో చాలావరకు వైరస్‌వి అయ్యుంటాయి, మంచినీళ్ళు తాగించి పారాసిటమాల్ వేసినా ఆ మూడు రోజుల్లోనే తగ్గేవి. పేరు మాత్రం అజిత్రోమైసిన్‌కి వస్తుంది. తల్లిదండ్రుల తప్పేం లేదు, కళ్ళ ముందు తగ్గుతుంటే ఎవరైనా మందు వల్లే అనుకుంటారు. గొంతు నొప్పితో వచ్చే పిల్లల్లో స్ట్రెప్ ఉండేది పదిమందిలో ఇద్దరికో ముగ్గురికో, పెద్దవాళ్ళలో ఇంకా తక్కువ. ముక్కు కారుతూ, దగ్గుతూ, గొంతు బొంగురు పోయి ఉంటే అది దాదాపు వైరసే. మీ బాబుకి ఉన్నట్టు దగ్గు లేకుండా గట్టి జొరం, టాన్సిల్స్ మీద తెల్లటి చీము పొర, మెడ ముందు వైపు నొప్పి పెట్టే బిళ్ళలు, ఐదు నుంచి పదిహేనేళ్ళ మధ్య వయసు, ఇవి కలిస్తే స్ట్రెప్‌ని అనుమానించాలి, కుదిరితే స్వాబ్ తీయాలి. మూడేళ్ళ లోపు పిల్లల్లో ఇది అరుదు.

చీమిడి పచ్చగా మారింది, ఇక యాంటీబయాటిక్ రాయండి అని రోజూ అడుగుతారు. ఆ రంగు మన తెల్లరక్తకణాల్లోని ఎంజైమ్‌ది, మామూలు జలుబులో కూడా మూడు నాలుగు రోజులకి అట్లాగే అవుతుంది. పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ జొరం తిరగబెట్టినా, మొదటి నుంచే పెద్ద జొరంతో చీము లాంటి చీమిడి మూడు నాలుగు రోజులు ఆగకుండా వచ్చినా అప్పుడు సైనస్ ఇన్ఫెక్షన్ గురించి ఆలోచిస్తాం. దగ్గు మాత్రం మూడు వారాలు కూడా సాగొచ్చు, దానికి భయపడొద్దు.

సెఫిక్సిమ్ సూచించిన తమ్ముడికి ఒక మాట. ‘పవర్ ఎక్కువ’ అని మందుల్లో ఉండదు, ఆ బ్యాక్టీరియాకి సరిపోతుందా లేదా అన్నదే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్స్‌ని వర్గాలుగా విడదీసింది. అమోక్సిసిలిన్ ముందుగా వాడదగ్గ వర్గంలో ఉంది. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ రెండూ జాగ్రత్తగా, అవసరమైతేనే వాడాల్సిన వర్గంలో ఉన్నాయి, ఎందుకంటే వాటికి నిరోధకత పెరిగే ప్రమాదం ఎక్కువ. ‘క్లావ్’ కలిపిన మందు సంగతీ ఇంతే. హిమోఫిలస్, మొరాక్సెల్లా అనే బ్యాక్టీరియా అమోక్సిసిలిన్‌ని ముక్కలు చేసే ఎంజైమ్ తయారు చేస్తాయి, క్లావులనిక్ యాసిడ్ ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది కాబట్టి వాటికి పనికొస్తుంది. న్యూమోకాకస్ ఆ ఎంజైమ్ వాడదు, గోడ కట్టుకునే ప్రోటీన్‌నే మార్చుకుంటుంది, దానికి క్లావ్ కలిపినా లాభం లేదు, అమోక్సిసిలిన్ మోతాదు పెంచాలి. స్ట్రెప్ గొంతుకి ఈ రెండు సమస్యలూ లేవు. అనవసరంగా క్లావ్ వాడితే పిల్లవాడికి విరేచనాలు మిగులుతాయి.

ఆత్మకూరు_మెడికల్స్

నేను మందుల షాపు నడుపుతాను, ఫార్మసిస్టుని. మా వైపు జరిగేది కూడా రాయాలి. జొరం అని వచ్చేవాళ్ళు చాలామంది జబ్బు చెప్పరు, మందు పేరే చెప్తారు, ‘అజిత్రో ఐదొందలు, మూడు మాత్రలది ఇవ్వన్నా’ అని. కోవిడ్ టైంలో ఇది ఇంటింటికీ అలవాటైంది. అప్పట్లో బ్రిటన్‌లో ‘రికవరీ’ అనే పేరుతో చేసిన ట్రయల్‌లో ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకి అజిత్రోమైసిన్ వల్ల లాభం లేదని 2021లో తేలింది, అయినా జనంలో ఆ పేరు అట్లాగే నిలిచిపోయింది. చీటీ లేదు ఇవ్వను అంటే పక్క షాపుకి పోతారు. ఇవ్వకపోతే గిరాకీ పోతుంది నిజమే, కానీ పట్టీ మీద ఎర్ర గీత ఉందంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, ఇందులో రెండో మాట లేదు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ మందుల జాబితాలో సెఫిక్సిమ్, సెఫ్‌పొడాక్సిమ్, లీవోఫ్లాక్సాసిన్ లాంటివి ఉన్నాయి, వాటికి డాక్టర్ పేరు, పేషంట్ పేరు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. అజిత్రోమైసిన్ షెడ్యూల్ హెచ్‌లోది, రిజిస్టర్ అక్కర్లేదు కానీ చీటీ తప్పనిసరి. పాత చీటీ పట్టుకొస్తే ఆ చీటీ ఆ జబ్బుకి, ఆ రోజు బరువుకి రాసింది అని నేను చెప్తాను. ఈ అమ్మగారి బాబుకి ప్రతిసారీ పాత చీటీ మీద ఇచ్చిన వాళ్ళు చేసింది తప్పే, మా వృత్తిలో ఉన్నవాడిగా చెప్తున్నా.

ఊళ్ళల్లో ఇంకోటి, ఆర్‌ఎంపీల దగ్గర ఒక పూటకి, రెండు పూటలకి కాగితంలో చుట్టి ఇచ్చే మాత్రల్లో ఏముందో ఎవరికీ తెలియదు. తర్వాత డాక్టర్ ‘ఏం వాడారు’ అని అడిగితే ‘తెల్లవి రెండు, పసుపుది ఒకటి’ అంటారు. దయచేసి పట్టీ అడిగి తీసుకోండి, లేదా పేరు రాయించుకోండి.

విడవలూరు_రొయ్యల_చెరువు

అందరూ బాగా చెప్తున్నారు కాబట్టి ఒక ప్రశ్న నాది కూడా. మా రొయ్యల చెరువుల్లో యాంటీబయాటిక్స్ వాడటం వల్లే మనుషులకి మందులు పని చేయడం లేదని టీవీలో, బంధువుల్లో అంటుంటారు. మా దగ్గర క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ నిషేధం. యూరప్‌కి పోయే సరుకైతే పట్టుబడికి ముందే శాంపిల్ తీసి పరీక్షిస్తారు, అవశేషం దొరికితే సరుకు తీసుకోరు. రొయ్యకి వచ్చే తెల్లమచ్చ వైరస్ జబ్బు, దానికి యాంటీబయాటిక్ ఏం చేయదని మాకూ ఎప్పటి నుంచో చెప్తున్నారు. మరి ఈ గొంతు బ్యాక్టీరియా మా చెరువుల నుంచి వచ్చిందేనా?

నెల్లూరు_మైక్రోబయాలజీ

అన్నా, మంచి ప్రశ్న. చెరువుల్లో, కోళ్ళ ఫారాల్లో మందులు వాడితే అక్కడి నీళ్ళలో, పేగుల్లో ఉండే బ్యాక్టీరియాలో నిరోధకత పెరుగుతుంది, అది నిజమైన సమస్యే, నిషేధం ఉండాల్సిందే. కానీ స్ట్రెప్టోకాకస్ పయోజెనస్ మనిషి గొంతులో, చర్మం మీద బతికేది. తుంపర్లతో, దగ్గరి స్పర్శతో మనిషి నుంచి మనిషికే ఎక్కువగా పోతుంది, న్యూమోకాకస్ కూడా ఎక్కువగా పిల్లల ముక్కు వెనక ఉంటుంది. వీటిలో నిరోధకత ప్రధానంగా మనుషులు మింగిన మందుల వల్ల పెరిగిందే. ఇందులో నింద మీ చెరువులది కాదు. మీరు తెల్లమచ్చ గురించి చెప్పింది ఇక్కడ సరిగ్గా సరిపోతుంది, జలుబూ వైరస్సే.

కనిగిరి_నుంచి

పది రోజులు ఎందుకు అని అడిగిన అక్కకి చెప్దామని రాస్తున్నా. మా చెల్లికి చిన్నప్పుడు గొంతు నొప్పులు వచ్చి పోతుంటే ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత కీళ్ళు వాచి, ఒక కీలు తగ్గితే ఇంకోటి పట్టుకునేది. వాతం అని నూనె రాశారు. పెద్దయ్యాక మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే ఎకో (గుండె స్కాన్) తీశారు, గుండెలోని మైట్రల్ కవాటం దెబ్బతింది. ఇప్పుడు మూడు వారాలకి ఒకసారి బెంజథీన్ పెనిసిలిన్ సూది వేయించుకోవాలి, ఏళ్ళ తరబడి. సూది నొప్పికి రెండు రోజులు నడవలేదు, అయినా మానదు. గొంతుకి అప్పుడే సరైన మందు పడి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని డాక్టర్లు చెప్పారు. మిగతా ఎనిమిది రోజుల సిరప్ దయచేసి ఆపొద్దక్కా.

కావలి_అమ్మ

మీ చెల్లెలి సంగతి చదివి మనసు కలుక్కుమంది. సిరప్ ఆపను, అలారం పెట్టుకుని వేస్తున్నా. రిపోర్టులో ఎస్ అంటే ఏందో మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను, సూదుల మాట ఆగింది. ఇంకో రెండు అడగాలి. మా పాపకి నాలుగేళ్ళు, ఇద్దరూ ఒకే మంచంలో పడుకుంటారు, దానికి కూడా ముందుగా అమోక్సిసిలిన్ వేయాలా? బాబుని బడికి ఎప్పుడు పంపొచ్చు? టీకాల కార్డులో పీసీవీ అని ఉంది, అది దీనికేనా?

పిల్లల_డాక్టర్_ప్రకాశం

పాపకి లక్షణాలు లేకపోతే ఏమీ వేయొద్దు. గొంతు నొప్పి, జొరం వస్తే చూపించండి, అన్న మిగిల్చిన సీసా నుంచి పోయొద్దు. అసలు సీసాలో మిగిలింది దాచనే వద్దు, నీళ్ళు కలిపిన సిరప్ కొద్ది రోజులకే పనికిరాకుండా పోతుంది. గ్లాసులు, చెంచాలు కొన్నాళ్ళు విడిగా పెట్టండి.

మందు మొదలై ఒక రోజు గడిచి, జొరం లేకుండా ఆడుకుంటుంటే బడికి పంపొచ్చు. గొంతుకి గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించడం, గంజి, మజ్జిగన్నం చాలు. దగ్గు సిరప్‌లు ఐదేళ్ళ లోపు పిల్లలకి సాధారణంగా వాడొద్దని, రెండేళ్ళ లోపు అసలే వద్దని కేంద్ర ఆరోగ్య శాఖ వాళ్ళు 2025 అక్టోబరులో చెప్పారు, పాప విషయంలో గుర్తుంచుకోండి.

పీసీవీ ఈ స్ట్రెప్‌కి కాదు, న్యూమోకాకస్‌కి. 2021 నుంచి దేశమంతా ప్రభుత్వ టీకాల్లో ఉచితంగా ఇస్తున్నారు, ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిది నెలలకి. టీకాలోని రకాలు, వాటిలో మందుకి లొంగనివి కూడా, పిల్లల ముక్కుల్లో చేరడం తగ్గుతుంది కాబట్టి ఇది నిరోధకత మీద కూడా పని చేస్తుంది. మీ బంధువుల్లో పసిపిల్లలు ఎవరికైనా ఆ డోసు తప్పిపోయి ఉంటే పీహెచ్‌సీలో ఏఎన్ఎంని అడగమనండి.

చివరగా, కోర్సు అయిపోయాక ఒక నెల రోజులు ఓ కన్నేసి ఉంచండి. మూత్రం కోకా కోలా రంగులో వచ్చినా, పొద్దున్నే మొహం ఉబ్బినా, కీళ్ళు వాచి ఒకదాని తర్వాత ఒకటి నొప్పి పెట్టినా, నడిస్తే ఆయాసపడినా ఈ రిపోర్టు పట్టుకుని అదే రోజు తీసుకెళ్ళండి. రిపోర్టు పారేయకుండా టీకాల కార్డుతో పాటు పెట్టుకోండి, ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ముందు అది చూపించండి.